అరచేతిలో ఉప్పు

లా కొరూన్యాలో వాన.
మూడు నెలల ముందే పేరు రాయించుకుంటే
దొరికిన బల్ల, తలుపు పక్కన, గొడుగులు కారే చోట.

టీవీలో ఈయన ఉప్పు చల్లితే
మోచేతి మీదుగా జారి మంచులా రాలేది.
జ్వరం రాత్రుల్లో శబ్దం తగ్గించి చూసేదాన్ని.

పక్కన ముసలి దంపతులు
ఒకే ఆక్టోపస్ ముక్కని చెరో వైపు నుంచీ
కోస్తున్నారు, మాటల్లేకుండా.
నా పళ్ళెం వచ్చింది: తెల్లటి మైదానం,
ఓ మూల చేప, మూడు పచ్చటి చుక్కలు.
వడ్డించిన ఉషియా వాటి పేర్లు వల్లించింది
పాఠం అప్పజెప్పే పిల్లలా.

చేతులు కడుక్కోబోయి దారి తప్పాను.
వెనక వరండాలో, ఖాళీ సీసాల పెట్టె మీద
ఆయనే. ఉర్బానో. తెరమీది కంటే పొట్టి.
ఉడికించిన గుడ్డు ఒలుచుకుంటున్నాడు,
పెంకులు జాగ్రత్తగా జేబులో వేసుకుంటూ.
అరచేతిలో కాస్త ఉప్పు.
అద్దుకున్నాడు. కొరికి కళ్ళు మూసుకున్నాడు,
కెమెరా కోసం మూసినట్టు కాదు,
ఆఖరి బస్సులో కూలబడ్డ మనిషిలా.

నన్ను చూసి సిగ్గుపడ్డాడు.
నేనూ.

తిరిగొచ్చేసరికి చేప చల్లారింది.
బాగుంది. నిజంగానే బాగుంది.
బిల్లుతో పాటు ఆయన సంతకం అచ్చేసిన కార్డు.
వాన ఆగలేదు.
గదికి పోయే దారంతా
తెరిచిన కొట్టు కోసం వెతికాను,
ఒక్క గుడ్డు కోసం.