తాకట్టు గడి

మా బ్యాంకు మొదట ఒక పిండి డబ్బా.
మంత్రసాని ఇంగ్వెల్దుర్ వంటింట్లో,
రై పిండి అడుగున గుడ్డలో చుట్టిన
నూట పన్నెండు క్రోనాలు.
అప్పు తీసుకున్నవాడెవడో స్కార్వ్‌విక్ ఊరంతా
వాడి జేబు చూసి చెప్పేసేది:
అంచున తెల్లగా పిండి.

ఆమె చేతికే ఎందుకిచ్చారంటే
ఆ తీరాన ప్రతివాణ్ణీ మొదట పట్టుకున్నవి ఆ చేతులే.
ఎవడు తలతో వచ్చాడో, ఎవడు ఎదురుకాళ్లతో వచ్చాడో
ఆమెకు తెలుసు.
బాకీ ఎగ్గొడతాడా లేదా అన్నది
అంతకన్నా పెద్ద రహస్యమా?

ఆ తొలి చిట్టా ఇప్పుడు నా ఒళ్లో ఉంది.
పేరు, మొత్తం, ఎందుకు, తాకట్టు.
థోర్‌బ్రాండుర్, అరవై, వల కోసం.
తాకట్టు: పడవలో సగం.
విధవరాలు రాన్‌వెయ్గ్, పదిహేను, కిటికీ అద్దానికి.
తాకట్టు: ఆవు. పాలు మాత్రం ఆమెవే.
స్వెయిన్‌బ్యోర్న్, నలభై, ఎందుకో చెప్పనన్నాడు.
తాకట్టు: వాళ్లమ్మ మొండిది.

తర్వాత ఓడ మీద ఇనప్పెట్టె వచ్చింది.
దానికి మూడు తాళంచెవులు, ముగ్గురి నడుముల దగ్గర.
తర్వాత హెర్రింగ్ చేపలొచ్చాయి,
సముద్రం చిల్లర విసిరినట్టు.
శనివారం సాయంత్రం ఉప్పుకొట్టాల నుంచి ఆడపిల్లలు
మణికట్టు దాకా పొలుసులతో వచ్చి
కూలి డబ్బులు దాచుకునేవాళ్లు.
రాజధానిలో మా నోట్లను
కిటికీలు తెరిచి లెక్కపెట్టేవారట.

ఒక వేసవిలో చేపలు రాలేదు.
మరుసటి వేసవిలోనూ.
ఆ శీతాకాలం తాళంచెవులవాళ్లు ముగ్గురూ
తెల్లారేదాకా కాఫీ తాగారు.
ఆ పేజీలో తాకట్టు గడి నిండా
ఒకే చేతిరాత, ఒకటే మాట:
చూద్దాం.
లెక్కపెట్టాను. ముప్ఫై ఏడు సార్లు.

అందరూ కట్టలేదు, ఆ మాటా చెప్పాలి.
ఇద్దరు రాత్రికి రాత్రి పడవలతో సహా మాయమయ్యారు.
వాళ్ల బాకీ ఊరు పంచుకుంది,
గొణుక్కుంటూనే, తిట్టుకుంటూనే,
ఇరవై రెండేళ్లు.

నేను గుమస్తాగా చేరేనాటికి కంప్యూటరు వచ్చింది.
ఒకసారి సరదాకి ఆ గడిలో కొట్టాను:
వాళ్లమ్మ మొండిది.
తెర ఎర్రబడింది.
చెల్లని విలువ, అంది.

ఆ తర్వాత పల్చటి బూట్ల కుర్రాళ్లొచ్చారు.
డబ్బు మీద పడుకుని నిద్రపోతున్నారు మీరు, అన్నారు.
మా నోరు తిరగని ఊళ్లలో
మేం చూడని మేడల్లో వాటాలు కొనిపించారు.
వాళ్ల బూట్లకు మంచు అంటలేదు.
అప్పుడే అనుమానించాల్సింది.
నేనూ కొన్నాను.
పక్కింటి హాల్‌వర్దుర్ తాతకు
నా చేత్తోనే కొనిపెట్టాను,
కళ్లజోడు మర్చిపోయానంటే
ఎక్కడ సంతకం పెట్టాలో వేలుపెట్టి చూపించాను.

అక్టోబరులో మూడు పగళ్లు చాలాయి.
నాలుగో రోజు తాత పాసుపుస్తకంతో వచ్చాడు.
మంచు దులుపుకుని, ఎంత మిగిలింది, అన్నాడు.
చెప్పాను.
చాలాసేపు నా నుదురు కేసి చూశాడు,
అక్కడేదో సన్నటి అక్షరాలున్నట్టు.
చూద్దాం, అన్నాడు.
టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

బోర్డు దించేశారు.
ఎవరిదో పెద్ద బ్యాంకు, చేపల కొట్టు గోడలో
ఒక యంత్రం బిగించింది.
ఇనప్పెట్టె మాత్రం కదల్లేదు. మోస్తే నేల విరుగుతుందన్నారు.
ఇప్పుడక్కడ అల్లిక నేర్పుతున్నారు,
పెట్టె మీద ఊలు ఉండలు.

తాత వాకిట్లో మంచు నేనే తీస్తున్నాను.
ఆయన అడగలేదు, వద్దనలేదు.

నిన్న రాత్రి చిట్టాలో
ఖాళీగా ఉన్న ఒక గీత మీద నా పేరు రాశాను.
మొత్తం: తాతకు పోయినంతా.
ఎందుకు: చెప్పను.
తాకట్టు దగ్గర కలం ఆగింది.
మా అమ్మ మెతక మనిషి.