తువ్వాలు కింద

గుంటూరు యార్డులో మేం
ధర నోటితో చెప్పం.
తువ్వాలు కింద చెయ్యి పట్టుకుని
వేళ్ళతో చెప్పుకుంటాం.
ముప్పై ఏళ్ళు నా వేళ్ళు అబద్ధమాడలేదు.

మొన్న మాఘంలో, తేజా రకం, నలభై టిక్కీలు.
నేను ఐదన్నాను,
ఖాసిం పీరా మూడు విన్నాడు.
గొడవైంది. తువ్వాలు తీసి చూస్తే
ఉంగరం వేలూ చిటికెన వేలూ
అరచేతిలోకి తలలు వంచుకుని ఉన్నాయి,
చివాట్లు తిన్న గుమాస్తాల్లా.
"నీ చెయ్యి నీ మాటే వినట్లేదు అంకమ్మరావూ."

నొప్పి లేదు మరి.
నాలుగేళ్ళ కిందట అరచేతిలో కందిగింజంత గడ్డ.
కొక్కెం ఒరుసుకుని కాయ కాసిందనుకున్నా.
గడ్డ కాస్తా తాడైంది.
మొహం కడుక్కుంటే వేలు కంట్లో పొడిచేది,
జేబులోకి చెయ్యి దూరేది కాదు.
ఎవరికి చెప్పను?

కొత్తపేటలో డాక్టరమ్మ
బల్ల మీద చెయ్యి పరచమంది.
పరిచాను. కింద మిగిలిన సందులోంచి
పెన్ను ఈ పక్క నుంచి ఆ పక్కకి దొర్లించింది.
"నరం కాదండీ, చర్మం కింద పొర
దళసరెక్కి బిగిసింది.
షుగరుందా? మీ నాన్నగారికి ఇలా ఉండేదా?"

నాన్న.
ఎంగిలి చేత్తో కాకిని తోలడని
సంగడిగుంటంతా చెప్పుకున్న నాన్న.
పిడికిలి విప్పని మనిషి.
పెళ్ళిళ్ళలో నమస్కారం పెడితే
వేళ్ళు కలిసేవి కావు, పొగరన్నారు.
నేనూ అన్నాను,
ఒకసారి, ఫీజు డబ్బులు అడిగిన రోజు.
"ఉండేదండీ," అన్నాను డాక్టరమ్మతో,
"మాకు తెలీలేదు."

బిళ్ళలకి లొంగదట.
మత్తిచ్చి, సూదిమొనతో
తాడుని పోగు పోగుగా తెంచింది.
టప్పు. టప్పు.
గోనె కుట్టు విప్పిన చప్పుడు.
వేలు లేచింది,
ఇంకెవరిదో వేలులా.

రాత్రిళ్ళు చేతికి బద్ద కట్టుకుని పడుకోవాలి, నెలల తరబడి.
పగలు చాపడం, మూయడం, చాపడం.
మానేదాకా యార్డు గేటు దాటొద్దంది,
ఈ గాటుకి ఆ ఘాటు పడదంది.
మళ్ళీ వంగొచ్చనీ చెప్పింది, దాచకుండా.

చైత్రంలో వెళ్ళాను.
పీరా తువ్వాలు కప్పాడు.
ఐదన్నాను. ఆగాడు, తడిమాడు.
చిటికెన వేలు ఇంకా కాస్త వంగే ఉంది.
"నాలుగున్నరా?" చెవిలో అడిగాడు.
ఐదేరా, వంగిన వేలూ వేలే,
లెక్కెయ్యి అన్నాను.

ఆ రాత్రి మావాడి చెయ్యి
అన్నాల బల్ల మీద పరిపించాను.
పెన్ను దూరలేదు,
ఇప్పటికి.