తబోరాకు టికెట్టు

దారెస్సలాం దాకా కంపెనీ కొన్నది.
అక్కడి నుంచి తబోరాకు
"లోపలి విమానం నువ్వే కొనుక్కో,
దిగినాక లెక్క చూస్తాం" అన్నారంట.

కళ్యాణదుర్గం బస్టాండు వెనక, నా జిరాక్సు అంగట్లో
బోరులారీ డ్రిల్లరు కుళ్ళాయప్ప
చెవి మడతల్లో ఇంకా రాతిదుమ్ముతో
స్టూలు అంచున కూర్చున్నాడు.
"మనకు కంబదూరు ఎట్లనో, వాళ్ళకు అది అట్లనా అక్కా?"
పటం మీద వేలు పెట్టి కొలిచినాను.
కాదు నాయనా,
తిరుపతికి పోయి, మళ్ళీ ఇంటికి వచ్చేంత.

ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే
పేజీ ముందుకు కదలదు.
పాస్‌పోర్టులో ఉన్నదేమో ఒక్కటే పేరు.
"ఇంటిపేరెందుకంట వానికి, పిల్లనిస్తాడా?"
ఆ పేరే రెండు గడుల్లోనూ కొట్టినాను.
కుళ్ళాయప్ప కుళ్ళాయప్ప.
గూగూడు గుండం ముందర
జనం అరిచినట్లుంది తెర మీద.

అతని కార్డు ఊరు దాటదు.
నాది దాటుతుందని బ్యాంకు చెప్పింది,
ఫ్రిజ్జు వాయిదాలకు తప్ప
దాన్ని నేనెప్పుడూ బయటికి తీసింది లేదు.

అక్కడోళ్ళకు ఒక రేటు, బయటోళ్ళకు ఇంకొకటి.
"తిర్నాళ్ళలో బెంగళూరోళ్ళకు
మనం చెప్పినట్లే" అన్నాడు, కోపం లేకుండానే.
కింద చిన్న అక్షరాలు:
విదేశీ కార్డులకు అదనపు రుసుం.

విదేశీ.
ఆ మాటను నేను సెంటు సీసాల మీద చూసినాను,
గల్ఫు నుంచి వచ్చినోళ్ళ దుప్పట్ల మీద చూసినాను.
నా పర్సులోని ప్లాస్టిక్ ముక్క మీద
చూస్తాననుకోలేదు.
కుర్చీలోంచి లేవకుండానే
ఎవరికో పరదేశినైపోయినాను.

మొదటిసారి కుదరదన్నది.
"నూరడుగులు, దుమ్మే" అన్నాడు కుళ్ళాయప్ప.
రెండోసారి చిరునామా అడిగింది,
ఏ రాష్ట్రమంటూ వాళ్ళ రాష్ట్రాలే చూపించింది.
తబోరా అనే నొక్కినాను, పిన్‌కోడు మాత్రం మనది.
"మూడునూర్లు. తేమ కూడా ల్యా."
మూడోసారి చక్రం తిరుగుతా ఉండగా
కరెంటు పోయింది.

అప్పుడు చూసినాను అతన్ని.
ఎన్ని వందల పొలాల్లో
లారీ హోరు మధ్య తలగుడ్డ చేతిలో పట్టుకుని
రంధ్రం వైపే చూస్తా నిలబడిన రైతును
అతను పక్కకు జరగమని కసిరినాడో!
ఈ పూట ఆ నిలబడటం అతనిదైంది.
నల్లటి తెర వైపే చూస్తాండాడు,
కళ్ళార్పకుండా.

ఫోను మోగింది. బ్యాంకు.
"టాంజానియాలో మీ కార్డు వాడుతున్నారు.
అది మీరేనా?"
వీధిలో రాయదుర్గం బస్సు కదులుతాండాది,
కండక్టరు పిలుపు ఆమెకూ వినబడే ఉంటుంది.
"మీరిప్పుడు ఎక్కడున్నారు?"
కళ్యాణదుర్గంలో.
"మరి తబోరాకు పోతున్నది?"
గొంతు సవరించుకుని
"నేనే మేడం" అన్నాను.
అబద్ధమో కాదో నాకూ తెలీదు.

కరెంటు కంటే ముందు మెసేజీ వచ్చింది:
నాలుగు లక్షల ఎనభై వేలు.
కుళ్ళాయప్ప మొహం పాలిపోయింది.
"అంత దుడ్డుకు వెయ్యడుగుల బోరు రెండేసి
కేసింగు కూడా దించొచ్చు గదక్కా!"
వాళ్ళ షిల్లింగులప్పా అవి,
మనకు పదారు వేలు.
డీజిలు వాసన నోట్లు ఎంచి ఇచ్చినాడు,
రెండు చినిగినవి ఉంటే వెనక్కి తీసుకుని
వేరేవి ఇచ్చినాడు.
పైన పడిన రుసుం తర్వాతి నెల బిల్లులో చూసుకున్నాను.
చెప్పలేదు.

టికెట్టు రాత్రి తొమ్మిదికి వచ్చింది.
కాగితం ప్రింటరు లోంచి పూర్తిగా రాకముందే
కొస పట్టుకుని అడిగినాడు:
"ఆడ నీళ్ళు ఎన్నడుగుల్లో పడతాయో
ఏమన్నా రాసినారా ఇందులో?"

కింది దాకా చదివినాను.
ఇరవై మూడు కిలోల సామాను తీసుకుపోవచ్చని ఉంది.