కోట్లన్నీ నా దగ్గరే

తార్తులో, న్యాయశాస్త్ర భవనం కింది అంతస్తులో
కోట్లన్నీ నా దగ్గరే ఉంటాయి.
ఒక్కటీ నాది కాదు.
నాది తలుపు వెనక మేకుకి వేలాడుతుంది,
దానికి నంబరు లేదు.

డిసెంబరులో తొమ్మిదింటికి గానీ తెల్లారదు.
ఆ చీకట్లోనే దిగుతారు పరిశోధకులు
భుజాల మీద మంచు దులుపుకుంటూ.
కోటు తీసుకుంటాను, ఇత్తడి బిళ్ల ఇస్తాను.
మనిషి సంగతి కోటే చెబుతుంది.
ఊర్మాస్‌కి మందుల పేటెంట్ల మీద ఇది అయిదో ఏడు,
చిరిగిన జేబుల్లో ఎప్పుడూ దగ్గు బిళ్లలే.
హెడ్విగ్ కాలరు నిండా పిల్లి వెంట్రుకలు.
ఆవిడ ట్రేడ్‌మార్కుల మనిషి,
రెండు పాల డబ్బాల మీది రెండు ఆవులు
ఎంత దగ్గరగా ఉంటే తప్పో
మూడేళ్లుగా కొలుస్తోంది.
లేలోది ఆకుపచ్చ కోటు, పాతది,
అస్తరు మీద కుట్టిన పేరు ఆమెది కాదు.

లేలో అనాథల మీద రాస్తోందన్నారు.
పిల్లలనుకున్నాను.
కాదట. ఎవరు చేశారో తెలియని,
చేసినవాళ్లు ఉన్నారో పోయారో తెలియని
బొమ్మలూ పాటలూ పుస్తకాలూ.
ఓ ఫొటో చూపించింది:
గడ్డకట్టిన ఏటి మీద మంచు పలకలు కోస్తున్న ఆడవాళ్లు,
నోళ్లలోంచి ఆవిరి, చేతుల్లో రంపాలు,
ఒకామె నవ్వాపుకోలేక వంగిపోయింది.
ఆమెని నవ్వించిందెవరో, ఫొటో తీసిందెవరో
వెనక ఏమీ రాసి లేదు.
"వెతకాలి. శ్రద్ధగా వెతకాలని చట్టం.
ఎంత శ్రద్ధయితే చాలు?
అదే నా సిద్ధాంత గ్రంథం."
నాలుగొందల పేజీలా అన్నాను.
"మూడొందల ఎనభై," అంది, ధర తగ్గించినట్టు.

మా ఊరి ఏటి పేరు ఎమయోగి, తల్లి ఏరు అని.
తల్లి ఒడ్డున కూచుని అనాథల లెక్కలా!
నేను నవ్వాను. ఆమె నవ్వలేదు,
చలికి పెదాలు పగిలి ఉన్నాయి.

అప్పుడు చూపించాను మూల కొక్కేలు.
తిరిగి ఎవరూ రాని కోట్లు అక్కడ.
బిళ్ల పారేసుకున్నారో,
ఎండ కాసిందని మరిచే పోయారో.
మొదటి నెల జేబులు ముట్టుకోను.
రెండో నెల చూస్తాను. బస్సు టికెట్టు, సగం చెరిగిన ఫోన్ నంబరు.
ఫోను చేస్తాను. తలుపుకి కాగితం అంటిస్తాను.
రంగు రాస్తాను గానీ బొత్తాలెన్నో రాయను,
అది వచ్చినవాళ్లు చెప్పాలి.
ఏడాది తిరిగాక, వణికేవాళ్లకి ఇచ్చేస్తాను.
ఎవరికిచ్చానో రాసి పెట్టుకుంటాను,
అసలువాడు రేపొచ్చి నిలబడితే
ఎటు పోవాలో చెప్పొద్దూ?

"మళ్లీ చెప్పండి," అంది లేలో.
మళ్లీ చెప్పాను.
మూడోసారికి నా మాటలు నాకే
కొలతలు సరిపోని కోటులా అనిపించాయి.

జూన్‌లో గ్రంథం అచ్చయింది.
ఊర్మాస్ తెచ్చి పేజీ తిప్పాడు.
నా బొత్తాలు అక్కడ
"హక్కుదారుకి మాత్రమే తెలిసిన ఆనవాలు" అయ్యాయి.
రెండొందల పన్నెండో పాదసూచిక:
కోట్ల గది ఉద్యోగినితో ముఖాముఖి సంభాషణ.
అంతే.
"ఆలోచనకి హక్కుండదు," అన్నాడు ఊర్మాస్, గొంతు సవరించుకుని,
"దాన్ని అల్లిన మాటలకే.
ఆలోచన మీది, మాటలామెవి. చట్టప్రకారం తప్పేం లేదు."
హెడ్విగ్ మాత్రం పుస్తకం దూరంగా పట్టుకుని చూసి
"ఆవులు కొంచెం దగ్గరగానే ఉన్నాయి," అంది.

నాకేం కోపం రాలేదు.
వచ్చింది. రాత్రి దాకా ఉంది.

అక్టోబరులో లేలో పాఠాలు చెప్పడానికి వచ్చింది.
ఫొటో తీసినవాళ్లు ఇంకా దొరకలేదట.
ఆకుపచ్చ కోటు నా చేతికిచ్చి
ఇచ్చిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.
"నాలుగేళ్లు. మీ పేరు అడగనే లేదు."

ముందు ఇది చెప్పమన్నాను:
నా కోటుకి బొత్తాలెన్ని?

నా వెనక తలుపు వైపు చూసింది.
మూసి ఉంది.
ఆమె వెనక వరస పెరుగుతోంది,
గొడుగుల నీళ్లు నేల మీద కారుతున్నాయి.