కాలు విరిగిన అక్షరం

తాస్కోలో వెండి కొట్టేవాళ్లకి లెక్కలేదు.
వాళ్ల పేర్లు కొట్టే ఉక్కుమేకులు చెక్కేవాణ్ణి
మా ఏటవాలు వీధి మొత్తానికి నేనొక్కణ్ణే.

నలభై ఏళ్లుగా నాకు అక్షరాలన్నీ తిరగేసే తెలుసు.
ఎల్ నాకు ఎడమకి కాలు చాపుతుంది,
ఎస్ అటుతిరిగి పడుకుంటుంది.
పేపరు చదవాలంటేనే కాస్త తడబాటు.
"తాతా, నీకు బడి కూడా అద్దంలోనే చెప్పారా?"
అని మనవరాలు నవ్వుతుంది.

మొన్న శనివారం, సంత సద్దుమణగక ముందే
పుయెబ్లా నుంచి ఒకావిడ వచ్చింది.
మెడలో గొలుసుకి భూతద్దం,
చేతిరుమాల్లో చుట్టిన కడియం.
బోర్లించి నా ముందు పెట్టింది.
పెట్టుకునేవాళ్లు పూలు చూస్తారు,
కూడబెట్టేవాళ్లు వీపు చూస్తారు.

గద్ద ఉంది. గద్ద రొమ్ములో అంకె ఉంది.
తొమ్మిది వందల ఇరవై అయిదు ఉంది.
కోడిగుడ్డంత గుండ్రటి గీతలో
ఆర్, పక్కన ఎల్.
"రెఫూహియో లాందా," అంది జపంలా.
"చివరి రోజుల పని, దొరకదు.
చూశారా, ఆర్ కుడికాలు సగానికి లేదు.
మేకు అరిగిపోయేదాకా కొట్టాడు, పాపం."

ఆ మేకు అరగలేదు.
వానల్లో ఒక మధ్యాహ్నం
మెట్ల మీంచి దొర్లి రాతిమీద పడింది.
రెబోసో కొంగున ముడేసుకుని
మకారియా తెచ్చింది నా దగ్గరికి.
కొత్తది చెక్కడానికి ఎంతవుతుందంది.
చెప్పాను.
"కుంటితోనే కానిద్దాంలే," అంది.

అప్పటికే లాందా మంచం దిగడం లేదు.
కుర్రతనంలో గని దుమ్ము,
ఆపైన ముప్పై ఏళ్లు ఆమ్లం పొగ.
కొట్టు మాత్రం మూతపడలేదు.
రాత్రి పదింటికి కూడా గోడవతల
టక్, టక్,
కాస్త ఆగి,
టక్.
పొయ్యిమీద చిక్కుళ్లు అడుగంటకుండా చూసుకునే సుత్తే
అలా మధ్యలో ఆగుతుంది.

భూతద్దం ఇమ్మన్నాను.
గుడ్డుగీత ఎడమకి లోతుగా దిగింది,
కుడికి ఊరికే తాకి వదిలేసింది.
లాందా కుడిచేతివాడు.
ఆమెది పుర్రచేతి వాటం.
గుళ్లో సిలువ గీసుకోబోయి
ప్రతి ఆదివారం చెయ్యి మార్చుకునేది.

"నిజమైనదేనా?"
ముద్ర నిజమైనదే అన్నాను.
ఆవిడ చిన్న పుస్తకం తీసి రాసుకుంది:
పేరు, అంకె, ఫలానా ఏడు నుంచి, ఫలానా ఏడు దాకా.
ఆ "దాకా" దగ్గర లాందా మీద మేం మట్టి వేశాం.
ఆ తర్వాత రెండు వానాకాలాలు
గోడవతల టక్ టక్ వింటూనే నిద్రపోయాను.

చెబుదామనే నోరు తెరిచాను.
చెబితే కడియం ధర పడుతుందో పెరుగుతుందో
నాకు తెలీదు.
కొడుకు చదువు ఖర్చుకి అమ్ముకున్న కడియమో,
ఎవరి మెడకైనా పోసిన మందో,
అదీ తెలీదు.
ఆవిడ రుమాలు చుట్టుకుని, కిందికి పోయే తెల్ల టాక్సీ ఎక్కింది.

ఒకప్పుడు నేనే అన్నాను మకారియాతో:
నీ పేరుకి ఎమ్ ఒకటి చెక్కిస్తాను, డబ్బులొద్దు.
"ఎవరు కొంటారు?" అని నవ్వింది.
అయినా చెక్కాను.
తిరగేయాల్సిన పనిలేని అక్షరం అది,
అద్దంలోనూ ఎమ్మే.
ఇన్నేళ్లూ సొరుగు మూలన,
ఒక్క దెబ్బా తినకుండా, చమురు రాసుకుని.

ఆ సాయంత్రం దాన్ని తీసి
ఎందుకో నా బొటనవేలి మీద నొక్కుకున్నాను.
తెల్లగా లేచింది ఎమ్, అంచులు పదునుగా.
మనవరాలు అన్నానికి పిలిచేదాకా ఉంది.
చెయ్యి కడుక్కునేసరికి
చర్మం సర్దుకుంది.