కష్టభత్యం

శ్రీపెరుంబుదూరు ఆఫీసులో నా బల్ల మీదికి
ఏడాదికోసారి ఒక ఫారం వస్తుంది.
కొరియా నుంచి వచ్చిన ఇంజనీర్లకు
చెన్నైలో బతుకుతున్నందుకు
జీతం మీద ఇంకెంత ఇవ్వాలో తేల్చే ఫారం.
దాని పేరు కష్టభత్యం.

నీళ్ళు, గాలి, ఎండ, చప్పుడు, ఆసుపత్రి, రోడ్డు.
ఎడమ గడిలో వాళ్ళ దేగు,
కుడి గడిలో మా చెన్నై.
తేడాకు మార్కులు, మార్కులకు శాతం,
శాతానికి రూపాయలు.
టైపు కొట్టేది నేను.

కుళాయి నీళ్ళు తాగొచ్చా?
దేగు: తాగొచ్చు. చెన్నై: వద్దు.
ఆ 'వద్దు'కు ఎనిమిది మార్కులు.
ఆ రోజే తెల్లారుజామున నాలుగింటికి
వ్యాసర్పాడి సందు మొదట్లో
లారీ గొట్టం కింద ఆకుపచ్చ బిందె పెట్టి
మా అమ్మ అంకమ్మ పోట్లాడింది, గెలిచింది,
ఆరు బిందెలు మోసుకొచ్చింది.
ఏడోది మల్లికకు వదిలేసింది, బాలింత కదా అని.
రెండు చెంబులతో స్నానం అయిందనిపించి
నేను కంపెనీ బస్సు ఎక్కాను.

గాలికి పది.
కొడుంగైయూర్ చెత్తకుప్ప అంటుకున్న వారం
మా తమ్ముడు చెంచయ్య
ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని పరీక్ష రాశాడు.
పది అంటే నెలకు పద్దెనిమిది వేలు.
ఆ అంకె దగ్గర నా వేలు కాసేపు ఆగింది.

అబద్ధమెందుకు,
ఒక మధ్యాహ్నం అందరూ క్యాంటీనుకు పోయాక
కాలిక్యులేటర్ దగ్గరికి లాక్కున్నాను.
నాకు ఇరవై తొమ్మిదేళ్ళ బకాయి.
అమ్మకు యాభై మూడు.
కావలిలో రైలెక్కి వచ్చి
ఈ ఊరి వీధులు ఊడ్చి ఊడ్చి పోయిన అవ్వకు
ఎన్నేళ్ళు వెయ్యాలో తెలీక అరవై వేశాను.
అంకెలు పట్టక అది
ఒక్క అక్షరం చూపించి ఊరుకుంది.

నామ్ సారు మాత్రం నిఖార్సైన మనిషి.
"ఎండకు కొట్టెయ్, మా దేగులోనూ
జూలైలో తారు మెత్తబడుద్ది" అన్నాడు
తనకొచ్చిన ఇంగ్లీషులో.
ఇంకోసారి ఫారం వెనకా ముందూ తిరగేసి
"ఇందులో ఆ గడి లేదే" అన్నాడు.
ఏ గడి సార్?
వాళ్ళ నాన్న బస్సు డ్రైవరట.
ఉద్యోగంలో చేరిన పదిహేడేళ్ళలో
పగటి వెలుతురులో ఆయనతో కలిసి అన్నం తిన్నది
నాలుగుసార్లట.
కూతురు రాత్రి పదకొండుకు ట్యూషన్ నుంచి వస్తుందట.
ఫోన్లో ఎక్కువగా ఆవులింతలే వినబడతాయట.
"అది దేగు గడిలో వెయ్యాలా, చెన్నై గడిలోనా?"
నేను నిజంగానే అడిగాను.
ఆయన టీ గ్లాసు అటూ ఇటూ తిప్పాడు.
తాగకుండానే పెట్టేశాడు.

ఇక్కడ నేను
"సౌకర్యాలదేముంది, మనుషులుండాలి గానీ"
అని రాస్తే మీకు హాయిగా ఉంటుంది.
రాయను.
నీళ్ళు వంతులవారీగా వచ్చే చోట
మంచితనమూ వంతులవారీగానే వస్తుంది.
మల్లికకిచ్చిన ఏడో బిందె
మరుసటి వారం అమ్మ అడిగి తీసుకుంది.

పోతూ పోతూ నామ్ సారు
నీళ్ళు శుద్ధిచేసే మెషిన్ నాకిచ్చాడు.
చెంచయ్య ఆటోలో ఒళ్ళో కూచోబెట్టుకుని తెచ్చాడు.
గోడకు మేకులు కొట్టి బిగించాక గానీ
వెనకున్న బొమ్మలు చూడలేదు.
దానికి కుళాయి కావాలి.
కుళాయిలో నీళ్ళు కావాలి.
ఆ నీళ్ళకు తోసుకొచ్చే బలం కావాలి.
అమ్మ దాని తెల్లటి వీపు నిమిరి
"ఉండనీలే, ఏం తింటుందా" అంది.
ఇప్పుడు దాని నెత్తిన
రేషన్ కార్డూ, దువ్వెనా, లారీ డ్రైవరు నంబరు రాసిన చీటీ.

ఈ ఏడు మళ్ళీ ఫారం వచ్చింది.
పైన కొత్త సారు పేరు.
నీళ్ళ దగ్గర ఎనిమిది తీసేసి
తొమ్మిది కొట్టాను.
ఎందుకని ఎవరూ అడగలేదు.