ఎనిమిది నానోమీటర్లు

తెల్లారకముందే కూర్మమ్మ పిన్ని
పచ్చి బొప్పాయికి బ్లేడుతో నాలుగు గీతలు పెట్టింది.
పాలు కారాయి.
కంచిలిలో పాసింజరెక్కి, ఐసుముక్కల మధ్య
స్టీలు డబ్బాలో, నా ఒళ్లో కూర్చుని
ఆమదాలవలస దాకా వచ్చాయి. అక్కణ్నుంచి ఎచ్చెర్లకి ఆటో.

వడగట్టి, వడగట్టి, మిగిల్చిన ఎంజైము
గాజుగొట్టంలో ఉత్త నీళ్లలా ఉంది.
ఇందులో ఏమీ లేదని ఒట్టేసి చెప్పొచ్చు.

లైటార్పి, కంటికందని కాంతితో తట్టాను.
మడతల లోపల, నీళ్లు సోకని మూల
ట్రిప్టోఫాన్ ఒత్తిగిలి ఉంటుంది.
తడితే వెలుగుతుంది.
ఆ వెలుగు ఏ రంగో చూస్తే చాలు,
తలుపు వేసుందో తీసుందో తెలిసిపోతుంది.

ముప్ఫై డిగ్రీలు. తెర మీద కొండ
మూడువందల నలభై ఏడు దగ్గర.
యాభై. అరవై. కదలదు.
మొండిది, ఉద్దానం సరుకు.
డెబ్భైలో కరెంటు పోయింది.
జనరేటరు డీజిలు బిల్లింకా పాసవలేదు.
మర్నాడు మళ్లీ మొదటికొచ్చాను.

ఎనభై దాటాక కొండ కుడికి జరిగింది.
నలభై తొమ్మిది. యాభై రెండు.
యాభై ఐదు దగ్గర ఆగింది.
చల్లార్చి గంటసేపు చూశాను.
వెనక్కి రాలేదు.

ఆదివారం కాగితం తీసుకెళ్లి చూపించాను.
"ఏటే ఇది, మహేంద్రగిరా?"
"నీ బొప్పాయి పాలే పిన్నీ. ఏడికి ఇలా జరిగాయి."
"ఎంత జరిగాయేటి?"
ఎనిమిది నానోమీటర్లు ఎంతని చెప్పను?
వేలిగీతతో పోల్చి చెబుదామని
ఆవిడ బొటనవేలు పట్టుకున్నాను.

గీతల్లేవు.
ఇరవయ్యేళ్లుగా కారిన పాలు
కాస్త కాస్తగా తినేశాయి.

"రేసను మిసనుకీ ఇదే తంటా.
ఎర్ర లైటేసి ఎవులో తెలీదంటది.
నాను నానేనని సెప్పినా ఇనదు."
కాగితం మళ్లీ చేతిలోకి తీసుకుంది.
"నీ మిసనే నయం.
పాలనైనా పోల్చుకుంది."

మరుసటి వారం గ్లవుజుల పెట్టె తెచ్చిచ్చాను.
తొడుక్కుంటే బ్లేడు జారిపోతోందని
చూరులో దోపేసింది.

నమూనా పదకొండు.
'సేకరించినవారు' అన్న గడిలో
ఇన్నాళ్లూ అడ్డగీత గీసేదాన్ని.
ఈసారి స్టాంపుప్యాడు ముందుకు తోశాను.
"ఏలిముద్రా? పడదే," అంటూనే అద్దింది.

నల్లటి గుండ్రం.
భూతద్దం పెట్టి వెతికితే
ఎడమ అంచున
ఒక గీత, సగం.